దూతపాట బాణీ: తెలుగు ఆరాధనగానమున ఒక వివాదమునకు సమీక్ష

తెలుగు క్రైస్తవ సంఘములలో క్రిస్మసు దినములందు తప్పక వినవచ్చు గీతములలో "దూత పాట పాడుడీ" అనునది ఒకటి. దాని మాట తెలుగు, మూలభావము ఆంగ్లము, బాణీ జర్మను. ఆ బాణీకర్త పాశ్చాత్య సంగీతమున కాల్పనికోద్యమపు తొలితరమునకు చెందిన ఫెలిక్స్ మెండెల్సన్ (1809–1847). కొద్ది నిమిషములలో ముగిసిపోవు ఈ చిన్న పాట ఒక పెద్ద ప్రశ్నకు ఉదాహరణమై నిలిచియున్నది. పరదేశపు బాణీలో తెలుగు మాటను పొదిగి దేవుని స్తుతించుట సముచితమా? రాగతాళబద్ధమైన కీర్తనయే తెలుగు ఆరాధనకు సహజమా? లేక ఈ రెంటినిగాక పల్లెజనుల భజనను, కోలాటమును, డప్పును నమ్ముకొనుటయే న్యాయమా? నూరేండ్లకు పైబడి సాగుచున్న ఈ చర్చలో ప్రతి పక్షమును తన గానమే "మన గానము" అని వాదించుచు, ఆ "మన" యందు ఎవరెవరు చేరుదురో చెప్పక విడుచుచు వచ్చుటచేత, వాదము చిక్కువడిపోయినది.

ఈ చిక్కును విడదీయుటకు నేటి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ప్రాంతముకంటె అనువైన రంగస్థలము అరుదు. ఇది పాలకుర్తి సోమనాథుడును బమ్మెర పోతనయు వెలసిన సీమ; ఒగ్గుకథకు చుక్క సత్తయ్య వంటి మహాకళాకారుని కన్న సీమ; తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు తన పీఠమును నిలిపిన డోర్నకల్ గల సీమ. దైవస్తుతి ఏ భాషలో, ఏ ఛందమున, ఏ గొంతున సాగవలెనన్న విచారము ఇచ్చట క్రైస్తవముతో మొదలైనది కాదు.

బాణీ పుట్టుక

1840 జూన్ మాసమున లైప్‌జిగ్ నగరము ముద్రణకళ నాలుగువందల ఏండ్ల పండుగను జరుపుకొన్నది. ఆ గుటెన్‌బర్గ్ ఉత్సవమున ఆరుబయట పాడుటకై, పురుషకంఠముల బృందమునకును ఇత్తడి వాద్యములకును తగినట్లు, మెండెల్సన్ "ఫెస్ట్‌గెసాంగ్" అను ఉత్సవగానమును కూర్చెను. నాలుగు భాగములు గల ఆ రచనలో మొదటిదియు చివరిదియు ప్రాచీన లూథరన్ కీర్తనల బాణీలపై ఆధారపడినవి. రెండవ భాగము మాత్రము ఆయన సొంత కల్పన. దానికి మాటలు వ్రాసినవాడు అడాల్ఫ్ ప్రోల్స్. అందు జన్మభూమి ప్రశంసయు గుటెన్‌బర్గ్ స్తుతియు కలవే కాని, బేత్లెహేము లేదు, దేవదూతలు లేరు, పశులతొట్టి లేదు.

1843లో తన ఆంగ్లేయ ప్రకాశకులకు వ్రాసిన లేఖలో మెండెల్సన్ ఆ భాగమునకు వేరు మాటలు కూర్చినచో అది గాయకులకును శ్రోతలకును ప్రియమగునని తలచుచునే, ఆ మాటలు భక్తిపరములు మాత్రము కారాదనియు, ఉల్లాసముతో కూడిన జాతీయభావమే ఆ బాణీకి తగుననియు స్పష్టము చేసెను. ఆయన మరణించిన ఎనిమిదేండ్లకు, 1855లో, ఇంగ్లండులోని వాల్తమ్ ఆబీ ఆలయమున ఆర్గన్ వాయించు విలియం కమింగ్స్ అను యువకుడు ఆ బాణీని తీసికొని చార్లెస్ వెస్లీ 1739లో ప్రకటించిన క్రిస్మసు గీతమునకు తొడిగెను. వెస్లీ రచనయు అప్పటికే యథాతథముగా లేదు. 1753లో జార్జి వైట్‌ఫీల్డ్ దాని మొదటి పాదమును మార్చియుండెను. కావున మిషనరీల వెంట ఓడలో మన దేశమునకు వచ్చిన గీతము, ఒకరి మాటను వేరొకరు దిద్దగా, మూడవవాని బాణీని అతని ఇచ్ఛకు విరుద్ధముగా నాలుగవవాడు అతికించిన సంకలిత రచన. పాశ్చాత్య బాణీని యథాతథముగా పాడుటయే మూలమునకు విధేయత అని వాదించువారు ఈ వృత్తాంతమును తరచు విస్మరింతురు. మూలముననే అతుకులుండగా, తెలుగు మాట మరియొక అతుకగుటలో అపచారమేమియు లేదు.

ఇచ్చట ప్రసంగవశమున ఒక విషయము స్మరింపదగినది. లైప్‌జిగ్‌కు చేరువనే యున్న హాలె నగరమున 1746–47 ప్రాంతమున బెంజమిన్ షుల్ట్‌జ్ అను మిషనరీ తెలుగు క్రైస్తవ గ్రంథములను అచ్చువేయించెను. అచ్చు మొగము చూచిన తొలి తెలుగు పొత్తములు అవియే. అచ్చుయంత్రపు పండుగకై పుట్టిన బాణీ అచ్చుపుస్తకము ద్వారానే తెలుగు నోటికి చేరుట కాకతాళీయమే యైనను, ఈ కథలో ముద్రణము పోషించిన పాత్ర కాకతాళీయము కాదు. "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" అను సంకలనము వివిధ సంఘములకు ఉమ్మడి గ్రంథమై, రాగతాళములు సూచించిన కీర్తనలను, ఆంగ్లపు బాణీలో పాడు అనువాదములను ఒకే అట్టల నడుమ చేర్చిన తరువాతనే, రెండు మార్గములును పల్లె విశ్వాసి కంఠమున ఇరుగుపొరుగులైనవి.

పూర్వరంగము

దేశిమార్గముల పోరు ఈ సీమకు కొత్త కాదు. వీరశైవ భక్తిని జనులలోనికి కొనిపోవుటకు పాలకుర్తి సోమనాథుడు సంస్కృతవృత్తములను పక్కకునెట్టి ద్విపదను స్వీకరించెను, జానుతెనుగును మెచ్చెను. ఆయన "పండితారాధ్య చరిత్ర"యందు శ్రీశైలయాత్రకు పోవు భక్తులు పాడుకొను తుమ్మెదపదములు, ప్రభాతపదములు, వెన్నెలపదములు, గొబ్బిపదములు మున్నగు జనగేయముల పేర్లు వరుసగా కానవచ్చును. అయితే సోమనాథుడు మాటను, ఛందమును గూర్చి నిర్ణయించెనే గాని, పరదేశపు స్వరమును గూర్చి తీర్పు చెప్పవలసిన అవసరము ఆయనకు కలుగలేదు. నేడు ఆయనను సాక్షిగా నిలుపు జానపదపక్షము ఈ భేదమును గమనింపవలెను.

పాశ్చాత్య స్వరము దక్షిణాది సంగీతముతో తొలుత కలిసినది చర్చిలోనే యనుటయు పొరపాటు. మెండెల్సన్‌కు పూర్వుడైన ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) బ్యాండువాద్యముల బాణీలకు సంస్కృత సాహిత్యమును కూర్చి, శంకరాభరణ స్వరములలో సాగు నోటుస్వరములను రచించెను. ఇంగ్లండు రాజగీతపు బాణీయే ఆయన చేతిలో "సంతతం పాహి మాం" అను దేవీస్తుతియైనది. త్యాగరాజస్వామి (1767–1847) "వరలీల గానలోల" యందును పాశ్చాత్యపు నడక ఛాయలు కలవని విమర్శకులు చెప్పుదురు. బాణీ ఒకచోటిది, మాట వేరొకచోటిది యగుట అపచారమని ఆ మహావాగ్గేయకారులు తలచినట్లు కానరాదు.

క్రైస్తవ కీర్తనకు తెలుగున పెద్దదిక్కు పురుషోత్తమ చౌధరి (1803–1890). మెండెల్సన్ కంటె ఆరేండ్లు పెద్ద. ఆయనకంటె నాలుగు దశాబ్దములకు మించి అధికముగా జీవించినవాడు. బ్రాహ్మణకుటుంబమున జన్మించి క్రీస్తుమతము స్వీకరించిన చౌధరి, కళింగాంధ్రమున బోధకుడుగా సంచరించుచు, రాగతాళములతో, పల్లవి అనుపల్లవి చరణముల కూర్పుతో నూటికి పైగా కీర్తనలు రచించెను. తమిళమున తంజావూరి వేదనాయక శాస్త్రి (1774–1864) ఇట్టి కృషియే చేసెను. ఒకవంక ఐరోపాలో షూబర్ట్, మెండెల్సన్ మున్నగువారు చిన్న గేయమునకు గౌరవస్థానము కల్పించుచుండగా, మరొకవంక అదే కాలమున తంజావూరునందును కళింగాంధ్రమునందును క్రైస్తవ పదకర్తలు అంతే చిన్న రూపమున అంతే ఏకాగ్రతతో పనిచేయుచుండుట కాలక్రమమును పరిశీలించువారికి గోచరించును.

డోర్నకల్ ఘట్టము

నిజాము రాష్ట్రపు ఈ తూర్పుభాగమునకు 20వ శతాబ్దపు ఆరంభదశలో మూడు దిక్కులనుండి మూడు గానసంప్రదాయములు వచ్చి చేరినవి. జనగామకు వచ్చినవారు రష్యాదేశపు మెన్నొనైట్ బ్రదరన్ సంఘీయులు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఛాయలో పనిచేసిరి గాని, వారి ఇంటిభాష జర్మను. రెండవది ఆంగ్లికన్ ప్రార్థనాగ్రంథముతో కూడిన ఆంగ్లగీతముల సంప్రదాయము. మూడవది తిరునెల్వేలి తమిళ క్రైస్తవుల కీర్తనసంప్రదాయము. వారు 1903లో నెలకొల్పిన ఇండియన్ మిషనరీ సొసైటీ తన పనికి మానుకోట, డోర్నకల్ ప్రాంతమును ఎన్నుకొన్నది. ఈ మూడింటి నడుమ, వీటికన్న ఎంతో ప్రాచీనముగా, మాల మాదిగ వాడల గానము ఉండనే యున్నది; ఈ ప్రాంతమున క్రీస్తుమతము స్వీకరించినవారిలో అత్యధికులు ఆ వాడలవారే.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య (1874–1945) ఈ సంగమమున నిలిచిన పురుషుడు. తమిళుడై, తెలుగు నేర్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడై, తుదిశ్వాసవరకు డోర్నకల్‌ను విడువలేదు. తెలుగు కీర్తనలను, పల్లెల కోలాటములను, నాటకరూపములను ఆయన ప్రోత్సహించెనని జీవితచరిత్రకారులు నమోదుచేసిరి. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన ఎపిఫనీ కథీడ్రల్ యందు దేవాలయ శిల్పరీతియు మసీదు నిర్మాణరీతియు క్రైస్తవాలయ ప్రణాళికలో కలిసిపోయినవి. అయినను ఆరాధనక్రమము విషయమున ఆయన సంప్రదాయవాదియే; తెలుగులోనికి దిగినను ప్రార్థనాగ్రంథము ఆంగ్లికన్‌దే. ఆయనను దేశీయపక్షమునకు మాత్రమే చెందిన నాయకుడుగా చిత్రించుట సగము సత్యమని నా అభిప్రాయము.

అజరయ్య, జె. ఎన్. ఫార్కర్‌తో కలిసి సంపాదకత్వము వహించిన భారతీయ వారసత్వ గ్రంథమాలలో 1921లో హెర్బర్ట్ పోప్లీ రచించిన "ద మ్యూజిక్ ఆఫ్ ఇండియా" వెలువడినది. ఈరోడ్డులో పనిచేసిన పోప్లీ మిషనరీయై యుండియు రాగతాళవిద్యను శ్రద్ధతో అభ్యసించెను. ఆ గ్రంథము ముఖపత్రమున డోర్నకల్ బిషప్పు పేరు కానవచ్చుట, ఈ మారుమూల జంక్షన్ పట్టణము ఆనాటి సంగీతచర్చకు ఎంత చేరువలో నుండెనో తెలుపును.

మూడు పక్షములు

మొదటిది బాణీపక్షము. ఒక్క బాణీని నలుదిక్కుల విశ్వాసులు పాడుటయందే సార్వత్రిక సంఘైక్యము వెల్లడియగునని వీరి మతము. నాలుగు గొంతులు నాలుగు స్వరములను పలుకుచు ఏకనాదమగు స్వరసమ్మేళనము మన సంగీతమున లేని సంపద యనియు, దానిని త్రోసిపుచ్చుట పేదరికమనియు వాదింతురు. ఇందు బలమున్నది. బలహీనత అనువాదములందున్నది. హ్రస్వాక్షరము మీద దీర్ఘస్వరమును సాగదీసి, మాటను నడుమ విరిచి, తెలుగు చెవికి అర్థమే మారిపోవునట్లు చేసిన అనువాదములు సంకలనములో లేకపోలేదు.

రెండవది కీర్తనపక్షము. చౌధరి మొదలు ముంగమూరి దేవదాసు వరకు గల పదకర్తలు ఈ పక్షమునకు ఆధారములు. తెలుగు మాట గురులఘువులతో నడచును, ఊనికతో కాదు. ఆ నడకకు తాళమే తోడుగాని కొలబద్దల పాశ్చాత్యలిపి కాదన్నది వీరి మూలసూత్రము. భావమునకు తగిన రాగమును ఎన్నుకొని, పాడువాడు తన శక్తికొలది విస్తరించుకొనుటకు చోటిచ్చుట కీర్తనయొక్క ఔదార్యము. ఈ పక్షమును సమీక్షించుచు నేను మెచ్చునది ఈ చోటునే.

అయితే వీరిపై వచ్చిన ఆక్షేపణ గట్టిది. చౌధరి భాష సంస్కృతభూయిష్ఠము. ఆ రాగవిద్య తరతరములుగా అగ్రవర్ణముల సభలలో పెరిగినది. వాడలోని కూలివానికి తోడి రాగమెంత పరాయిదో లైప్‌జిగ్ బాణీయు అంతే పరాయిది కాదా యని ప్రశ్నించినచో, "దేశీయము" అన్న ఒక్క సమాధానము చాలదు. ఇక, కీర్తనలను అదే కూలిజనము కంఠస్థము చేసి, రాగమును తమ గొంతుకు అనువుగా మలచుకొని, తమ సొత్తు చేసికొన్నదనునదియు కాదనరాని సత్యమే.

మూడవది జానపదపక్షము. తమిళమున థియోఫిలస్ అప్పావు వంటివారు దళిత జానపదగానమునే ఆరాధనకు ప్రాణమని సిద్ధాంతీకరించిరి. తెలుగునను ఆ భావమునకు అనుయాయులు కలరు. డప్పు, భజన, కోలాటము, ఒగ్గుకథ నడక దైవసన్నిధికి రావలెనని వీరి కోరిక. ఐతే డప్పును మరల చేపట్టుటకు ఇష్టపడని విశ్వాసులును వాడలలో కలరు. చావులకు, ఊరి చాకిరికి డప్పు కొట్టవలసిన నిర్బంధమునుండి విముక్తి పొందుటయే వారి పెద్దలకు కొత్తమతములో దొరికిన మొదటి గౌరవము.

కంఠములో జరిగినది

ఈ పక్షముల వాదములకంటె బాణీని స్వరస్వరముగా పరిశీలించుట ఎక్కువ వెలుగునిచ్చును. దూతపాట మొదటి పాదపు స్వరములు "ప స స ని స గ గ రి". తరువాతిది "ప ప ప మ గ రి గ". మంద్రపంచమమున మొదలై మధ్యధైవతమునకు మించిపోని ఈ బాణీ మొత్తము శంకరాభరణ స్వరములలోనే నడచును. గమకము లేదు గాన అది శంకరాభరణ రాగమని చెప్పరాదు. దీక్షితుల నోటుస్వరములవలె ఆ మేళపు చదునైన రూపము మాత్రమే. ప్రతి పాదమును ఎనిమిది మాత్రల కాలమున ఇమిడి, కడపటి అక్షరము రెండు మాత్రలు నిలుచును. అనగా ఆదితాళపు ఒక ఆవర్తనమున ఒక పాదము.

ఇక మాట. "దూత పాట పాడుడీ" అను ఏడక్షరములలో గురువు, లఘువు, గురువు, లఘువు వరుసగా మారి మారి వచ్చుచు, తుద గురువుతో ముగియును: మూడు హగణములు, ఒక గురువు. ఆంగ్లమున ఊనిక ఎచ్చట పడునో అచ్చటనే తెలుగున గురువు నిలిచినది. ఈ అనువాదకుడు తెలుగు ఛందస్సు ఎరిగినవాడు. పాశ్చాత్యబాణీలో తెలుగు మాట విరుగక తప్పదన్న కీర్తనపక్షపు నిశ్చయమునకు ఈ ఒక్క పాదము సమర్థమైన ప్రత్యుదాహరణము. ఈ అనువాదము మనుగడ సాగించుటకు కారణము భక్తి మాత్రమే కాదు, ఈ ఛందోజ్ఞానమును కూడ.

మరింత ఆసక్తికరమైన విషయము నాలుగవ పాదమున కలదు. అచ్చట మెండెల్సన్ కింది గొంతులలో ప్రతిమధ్యమమును ప్రవేశపెట్టి, పంచమమునే కొత్త షడ్జముగా నిలుపును. శ్రుతిని స్థిరముగా పట్టుకొను మన సంగీతమునకు ఇది గ్రహభేదము వంటి ప్రక్రియ, తంబురకు ఎదురునడక. కాని ఆ ప్రతిమధ్యమము కింది గొంతులలోనే యున్నది, ప్రధానబాణీలో లేదు. పల్లెసంఘము ఒకే గొంతుగా, ఒకే బాణీగా పాడునపుడు ఆ శ్రుతిమార్పు మాయమై, పాదము శంకరాభరణ పంచమము మీద విశ్రమించిన సాధారణ న్యాసముగానే వినబడును. ఎవరును ప్రయత్నింపకయే, ఏ సంస్కర్తయు నిర్దేశింపకయే, జర్మను గీతము ఏకకంఠ గీతమైనది. బాణీపక్షము తాను కాపాడుచున్నట్లు భావించు స్వరసమ్మేళనము పల్లెలలో చాలవరకు నిలువలేదు. కీర్తనపక్షము భయపడిన పరాయితనమును అంతగా నిలువలేదు.

హార్మోనియము ఈ మార్పునకు మధ్యవర్తి. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబాఁ హక్కుపత్రము పొందిన ఈ వాద్యము మన దేశమున చేతితో తిత్తి ఊదుకొను రూపము దాల్చి, భజనమందిరమునకును చర్చికిని సమానముగా చేరినది. గమకమును పలికింపలేదని 1940లో ఆలిండియా రేడియో దానిని వెలివేసినను, పల్లె ఆరాధన దానిని విడువలేదు. ఒక్క వాద్యముపైననే చౌధరి కీర్తనయు మెండెల్సన్ బాణీయు పలుకుటచేత, కీర్తనలోని గమకము కొంత తగ్గి, పాశ్చాత్యబాణీకి కొంత సాగుదల అబ్బి, రెండును నడిమిదారిన కలిసినవి.

పోల్చి చూచినచో, బాణీపక్షము ఐక్యమునకు, కీర్తనపక్షము మాటకు, జానపదపక్షము పాడువాని దేహమునకు ప్రాధాన్యమిచ్చినవి. మొదటి పక్షమునకు స్వరలిపియు రెండవ పక్షమునకు గురుముఖమును ఆధారము. మూడవ పక్షమునకు సామూహిక స్మృతి. ఆచరణమున పల్లెసంఘము ఈ మూడింటిని ఒకే ఆదివారమున వాడుకొనుచుండగా, వాదము మాత్రము వీనిలో ఏదో యొకటి గెలువవలెనన్నట్లు సాగుట విచారకరము.

తేలని అంశములు

కొన్ని ప్రశ్నలు ఇంకను అట్లే యున్నవి. భూపాలపల్లి జిల్లాలో గోదావరికి చేరువగల అడవిపల్లెలలో కోయలు, నాయకపోడులు నివసించుచున్నారు. కోయభాష మాటలాడు విశ్వాసికి తెలుగు కీర్తనయే పరాయిగొంతు కావచ్చును. మూడు పక్షములును తెలుగును స్వతస్సిద్ధముగా భావించుటచేత, ఈ ప్రశ్న వాటికి దాదాపు కనబడలేదు. సింగరేణి గనుల బస్తీలలో పలుప్రాంతములనుండి వచ్చిన కార్మికులు ఒకేచోట ఆరాధించునపుడు ఎవరి జానపదము జానపదమన్న సందేహము వేరు.

డప్పు విషయమున తీర్పు చెప్పగల అధికారము డప్పు కొట్టిన కులములవారికే కలదని నేను నమ్ముదును. వారిలోనే అభిప్రాయభేదమున్నంతకాలము సంగీతజ్ఞులు తొందరపడరాదు.

ఎలక్ట్రానిక్ కీబోర్డు రాకతో దూతపాట మరల మారుచున్నది. దానిపై పాశ్చాత్య స్వరగుచ్ఛములు సులభముగా పలుకును గాన, పల్లెగొంతులు వదలివేసిన ప్రతిమధ్యమము నాలుగవ పాదమున వాద్యము ద్వారా తిరిగి ప్రవేశించుట సాధ్యమైనది. సంఘము మాత్రము మునుపటివలెనే ఏకకంఠముగా, పంచమమును న్యాసముగా ఎంచియే పాడును. వాద్యము ఒక శ్రుతిని, కంఠము వేరొక శ్రుతిని ఆధారముగా తలచు ఈ కొత్త కూడిక క్రమముగా ఒక పద్ధతిగా స్థిరపడునా, లేక గొంతులే వాద్యము వెంట నడచి మెండెల్సన్ తలచిన శ్రుతిమార్పును నేర్చుకొనునా అనునది ఇప్పుడే నిర్ణయింప వీలుకాదు. హార్మోనియము తెచ్చిన మార్పు కుదురుకొనుటకు రెండు తరములు పట్టినది.